నల్ల పాదాలు

కిష్ట్యా సాగర్‌లో చదువుతున్నాడంటే తండాలో చాలామందికి నాగార్జునసాగర్ డ్యామే గుర్తొచ్చేది. పొద్దున పాలకీడులో బస్సెక్కితే మధ్యాహ్నం బువ్వ వేళకు చేరే చోటు నుంచి వీడు ఏడాదికి రెండుసార్లే ఇల్లు చేరడమేమిటో వాళ్లకు అంతుబట్టలేదు. కాల్వకు నీళ్లు వదిలినట్టే వీణ్ని కూడా పెద్దసార్లు ఎప్పుడో ఒకప్పుడు వదులుతారు కాబోలని మేనత్త భూలి నవ్వేది.

అది వేరే సాగర్ అని జమ్లీకి తెలుసు. అది మధ్యప్రదేశ్‌లో ఉంది. మిర్యాలగూడలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, ఉత్తరానికి పోయే బండి పట్టుకుని, బీనా అనే చోట మళ్లీ మారాలి. అన్న రాసే ఉత్తరాలు అమ్మానాన్నలకు చదివి వినిపించేది ఆమే. తండాలో మాట్లాడే లంబాడీ మాట అక్కడి హిందీకి దగ్గరగా ఉంటుందట. అందుకని భాషకు తిప్పలు లేవట, కారానికే తిప్పలట.

చదువు సంగతి కూడా రాసేవాడు. ఫోరెన్సిక్ సైన్స్. ఆ మాటను తండాలో తప్పు లేకుండా పలికేది జమ్లీ ఒక్కతే. నెత్తుటి మరక, వెంట్రుక, చేతిరాత, పగిలిన గాజు పెంకు, అడుగుజాడ, వీటిని చూసి జరిగిన సంగతి ఏమిటో చెప్పే చదువు. చెప్పడం సగమేనని, ఎంతవరకు చెప్పవచ్చో అక్కడ ఆగడం మిగతా సగమని వాళ్ల ప్రొఫెసర్ అంటుంటాడని ఒకసారి రాశాడు. ఆ ముక్క నాన్న హన్మాకు నచ్చి మళ్లీ చదివించుకున్నాడు.

జమ్లీ ఏడో తరగతి దాకా మిర్యాలగూడ హాస్టల్లో ఉండి చదివింది. కామెర్లొచ్చి ఇంటికి చేరింది. పసరు మందు, పత్యం అయి లేచి తిరిగేసరికి పరీక్షలు అయిపోయాయి. మళ్లీ పంపే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. అప్పటి నుంచి మేకలు, మిరప కోతలు, కుట్టుపని. నలుగురిలో గొంతు పెగిలేది కాదు. లంగా అంచులకు అద్దాలు కుడుతూ తల వంచుకునే ఉండేది గానీ, వాకిట్లోకి ఎవరు ఎందుకొచ్చారో, ఏమి అడగలేక తిరిగిపోయారో ఆమెకే ముందు తెలిసేది.

తొంభై ఐదో సంవత్సరం హోళీకి కిష్ట్యా ఒక రేకు పెట్టె మోసుకుంటూ దిగాడు. అందులో నల్ల సిరా గొట్టాలు, చిన్న రబ్బరు రోలరు, మందపాటి అద్దం పలక, తెల్ల కాగితాల కట్ట ఉన్నాయి. ఎమ్మెస్సీ చివర ఒక పరిశోధన చేసి రాసివ్వాలి. అతను ఉత్తకాలి ముద్రను ఎంచుకున్నాడు. పాదం పొడవును బట్టి మనిషి ఎత్తు ఎంత దగ్గరగా చెప్పవచ్చు, ఎక్కడ ఆ లెక్క తప్పుతుంది అన్నది తేల్చాలి. కోతలకు, సిమెంటు పనులకు పోయినవాళ్లంతా హోళీకి తండా చేరుతారు. చెప్పులెరుగని కాళ్లు ఇన్ని ఒక్కచోట ఇంకెక్కడా దొరకవని అతని ఆశ.

సంగతి విన్నాక ఎవరూ ముందుకు రాలేదు. అందరూ సేవ్యా వైపు చూశారు.

సేవ్యా తండాలో అందరికంటే పెద్దవాడు. చిన్నా పెద్దా అతన్ని దాదా అంటారు, తాత అని. నైజాం కాలంలో చుట్టుపక్కల ఏ దొంగతనం జరిగినా పోలీసు పటేలు మనుషులు అక్కడి అడుగు పొడవుకు ఒక ఈతపుల్ల తుంచి, దాన్ని పట్టుకుని నేరుగా తండాకే వచ్చేవాళ్లు. మగవాళ్లను వరసగా నిలబెట్టి పాదాల పక్కన పుల్ల పెట్టి చూసేవాళ్లు. ఎవరి పాదం పుల్లకు సరిపోతే వాడే దొంగ. మీసం కూడా సరిగా రాని వయసులో సేవ్యా పాదం సరిపోయింది. ఆ దెబ్బలకు విరిగిన ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంకరగానే అతుక్కుంది.

"నీ సదువు గూడ పుల్ల సదువేనారా?" అని అడిగాడు సేవ్యా.

"ఆ పుల్ల ఎందుకు తప్పో లెక్కగట్టి సూపే సదువు దాదా" అన్నాడు కిష్ట్యా. "అందుకే మస్తు పాదాలు కావాలె."

కాగితాల మీద పేర్లుండవని, ఒక మూలన అంకె మాత్రమే వేస్తానని, ఆ అంకె ఎదురుగా పుస్తకంలో ఎత్తు, వయసు మాత్రమే రాస్తానని చెప్పాడు. మనుషుల పేర్లు ఎక్కడా రాయకూడదని ప్రొఫెసర్ కట్టడి చేశాడట. మగవాళ్లు కొంత మెత్తబడ్డారు. ఆడవాళ్లు మాత్రం ఇంకా బిగుసుకుపోయారు. వాళ్ల భయం పోలీసులు కాదు, బాణామతి. కిట్టనివాళ్లు అడుగు కింది మన్ను తీసుకుపోయి చేతబడి చేయిస్తారన్న బెదురు ఆ రోజుల్లో ఊళ్లన్నిటా ఉంది. మన్ను పోతేనే అంత ముప్పయితే, పాదం పాదమే కాగితం మీదికెక్కి దేశంగాని దేశం పోతే ఇంకేమన్నా ఉందా?

"పేరు లేకుంటే నా అడుగు మళ్ల నా సేతికి ఎట్లొస్తది?" అని భూలి అడిగింది.

 కాగితాలు తిరిగివ్వాలన్న ఆలోచనే కిష్ట్యాకు అంతవరకు రాలేదు. అప్పుడు, గుంజకు ఆనుకుని కూర్చున్న జమ్లీ, ఎవరి ముఖం చూడకుండా మేనత్తతో, "నేను తెచ్చిస్త ఫూపీ. ఎవరి అడుగు వాళ్ల సేతికి నేనే ఇస్త" అంది.

పదిమందిలో ఆమె గొంతు విని భూలి నివ్వెరపోయింది. "నోట్లో నాలుక ఉన్నదన్నట్టు గీ పిల్లకు" అని లేచి వచ్చి ముందుగా తానే పాదం చాపింది.

అలా మొదలైంది. కిష్ట్యా అద్దం మీద సిరా పలచగా రుద్దేవాడు. మనిషి దాని మీద అడుగేసి, తర్వాత కాగితం మీద అడుగేసేవాడు. గోడకు గీసిన గీతల దగ్గర నిలబెట్టి ఎత్తు చూసేవాడు. మూలన అంకె వేసి కాగితం ఆరబెట్టే పని జమ్లీది. ఆరబెట్టేటప్పుడు ఆమె ఇంకో పని కూడా చేసింది. ప్రతి ఆడమనిషి లంగా అంచు మీద తనకు నచ్చిన కుట్టు ఉంటుంది. ఒకరిది ఆవాలపూత, ఒకరిది మెట్లు, ఒకరిది చేపముల్లు. ఏ కాగితం ఎవరిదైతే ఆ కుట్టును అంకెకు తగిలేలా చిన్నగా పెన్సిలుతో గీసింది. మగవాళ్ల కాగితాలకు భార్యదో తల్లిదో కుట్టు గీసి పక్కన చుక్క పెట్టింది. ఇవ్వాల్సినప్పుడు తడబడకూడదని. కిష్ట్యా చూసి, ఊరికే ఉండలేక పూలు గీస్తోందనుకున్నాడు. కుట్టు చదవడం ఏ మగవాడూ నేర్వలేదు.

సిరా ఒక పట్టాన వదల్లేదు. గాసునూనె పోసి రుద్దుకున్నా అరికాళ్లు నల్లగానే ఉన్నాయి. తన పెండ్లినాటి పారాణి మూడో నాటికే పోయిందని, మేనల్లుడి పారాణి మాత్రం ఈ జన్మకు పోయేట్టు లేదని భూలి ఊరంతా చెప్పింది. అందరికంటే చివర సేవ్యా వచ్చాడు. పలక మీద కాలు పెట్టబోతూ ఆగాడు.

"అందరి పాదాలు తీస్కుంటివి. నీదేది?"

కొలిచేవాడు తన కొలతను కలపకూడదని కిష్ట్యా నవ్వుతూ చెప్పాడు. సేవ్యా నవ్వలేదు. పాదం మాత్రం వేశాడు.

హోళీ అయ్యాక కిష్ట్యా సూర్యాపేట వెళ్లాడు. అతను బీఎస్సీ చదివిన కాలేజీ అక్కడే. పాత లెక్చరర్ ఒకాయన లెక్కలు సరిచూస్తానన్నాడు, టైపు చేయించాల్సినవి కూడా ఉన్నాయి. ఎత్తులు రాసిన పుస్తకం చేతిలో పట్టుకుపోయాడు. పాదాల కాగితాలు బరువని పెట్టెలోనే ఉంచి, తాళంచెవి జమ్లీకి ఇచ్చాడు.

అతను పోయిన మర్నాడు కాల్వ గట్టున ఒక ఆసామి మోటారు పోయింది. రాగి తీగతో సహా ఊడదీసుకుపోయారు. గట్టు బురదలో ఉత్తకాళ్ల అడుగులున్నాయి. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు ఒక కానిస్టేబుల్ సైకిలు మీద పోవడం చూశారు. అతని చేతిలో తుంచిన ఈతపుల్ల ఉంది.

ఆ సాయంత్రమే జీపు వచ్చింది. సంతలో నల్ల అరికాళ్లు చూడనివాళ్లు లేరు. లంబాడోళ్ల పిల్లగాడు తండా కాళ్లన్నీ కాగితాలకెక్కించాడన్న కబురు ఠాణాకు చేరడానికి ఎంతసేపు? ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. కోదాడ వైపు మనిషి, మాటలో ఆ తేడా తెలుస్తోంది. హన్మా మంచం వాల్చితే కూర్చున్నాడు కూడా.

"చూడు పెద్దాయనా, మీ వాడు చదివే చదువు మా పనికొచ్చే చదువే. రేపు మా డిపార్టుమెంటుకే వస్తాడు. ఆ కాగితాలు రెండు రోజులు మా దగ్గర పెడితే మీ వాడికే మంచిది."

కొడుకు ఇంట్లో లేడని, పెట్టె తాళం అతని దగ్గరే ఉందని హన్మా చెప్పాడు. తాళంచెవి జమ్లీ మెడలోని పూసల మధ్య వేలాడుతోంది. ఆమె కొంగు ముందుకు లాక్కుంది. రేపు పొద్దున వస్తానని, అప్పటికి కొడుకును పిలిపించి ఉంచమని చెప్పి ఎస్సై లేచాడు. హన్మా పాలకీడుకు మనిషిని పరిగెత్తించి, లెక్చరర్ ఇంటికి ఫోను చేయించాడు.

జీపు పోగానే తండా అంతా ఆ వాకిట్లో చేరింది. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేదని జమ్లీకి అనిపించింది. కాగితాలన్నీ పొయ్యిలో వేసేద్దామని ఒకరన్నారు. అప్పుడు నిజంగానే ఏదో దాచామంటారని ఇంకొకరన్నారు. వాడి రెండేండ్ల చదువు కాలబెడతారా అని తల్లి శాంతాబాయి కళ్లొత్తుకుంది. భూలి మాత్రం జమ్లీ ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు ఇస్తనన్నవ్. నీ మాట మీదనే కాలు పెట్టిన బిడ్డా."

 సేవ్యా వంకర చేతిని మంచి చేత్తో పట్టుకుని తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక, ఇంకా వెలుతురు ఉండగానే, జమ్లీ లోపల పెట్టె తెరిచింది. పేర్లు లేవు. అన్న చెప్పినట్టు ఇవి ఎవరివో పైవాళ్లకు తెలియదు. కానీ ప్రతి మూలలో ఆమె గీసిన కుట్టు ఉంది. బయట తాడు మీద లంగాలు ఆరేసి ఉన్నాయి. ఈ గీతను, ఆ అంచును పక్కపక్కన పెడితే చాలు, చిన్న పిల్లయినా ఇది భూలి పాదం, ఇది భూలి మొగుడిది అని చెప్పేస్తుంది. తండా పాదాలకు పేర్లు రాసింది అన్న కాదు, తానే. 

గీతలు చెరిపేద్దామని రబ్బరు కోసం వెతికింది. దొరకలేదు. రొట్టె ముక్కతో రుద్దితే పక్కనున్న పాదం సిరా అలుక్కుపోయింది. కత్తెరతో మూల కత్తిరిద్దామంటే కత్తెర భూలి ఇంట్లో ఉంది. అడగబోతే ఎందుకని అడుగుతుంది. కుట్టు ఒక్కటే తీసేద్దామన్నా అంకె దానికి అతుక్కుని ఉంది. ఆవాలపూత కాడలోనే ఏడు, చేపముల్లు తోకలోనే తొమ్మిది. అంకెను వేరేచోట వేసినా, పుస్తకంలోని ఎత్తును బట్టి మనిషిని పట్టేస్తారు. అంకె పోతే ఏమవుతుందో ఆమెకు తెలియకపోలేదు. ఏ పాదం ఏ ఎత్తుదో చెప్పే దారం అదే. అది తెగితే ఇవి ఉత్త నల్ల మరకలు. అన్న రాసే పరిశోధన ఉండదు.

కాసేపు కాగితాలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. వాకిట్లో మేకపిల్ల అరిచింది. తర్వాత ఆమె మొదటి కాగితం మూల పట్టుకుని చేత్తోనే చింపింది. ఆ తర్వాత రెండోది. తొందరలో ఒక్క అంచూ సాఫుగా రాలేదు.

చిరిగిన మూలలు పొయ్యిలో వేయడానికి మనసు ఒప్పుకోలేదు. నీళ్ల బిందె కింద నెత్తి మీద పెట్టుకోవడానికి పాత గుడ్డలు చుట్టి కుట్టిన చుట్టబట్ట మూలన ఉంది. దాని కుట్టు విప్పి, మూలలన్నీ గుడ్డ మడతల్లో పరిచి, మళ్లీ కుట్టేసింది. గవ్వలు పెట్టి కుట్టిన అంత అందమైన చుట్టబట్టను ఏ పోలీసూ విప్పి చూడడు.

మర్నాడు కిష్ట్యా రావడం, జీపు రావడం దాదాపు ఒకేసారి జరిగాయి. అన్న చెవిలో ఒక్క మాట వేద్దామని జమ్లీ ఎదురు వెళ్లింది గానీ, ఎస్సై అప్పటికే అతని భుజం మీద చెయ్యి వేసి వాకిట్లోకి నడిపిస్తున్నాడు. ఠాణాలో ఇంత చదివిన మనిషి లేడని మెచ్చుకుంటున్నాడు. కానిస్టేబుల్ వెనక పుల్ల పట్టుకుని నిలబడ్డాడు.

కిష్ట్యా గొంతు మొదట సన్నగా ఉంది, పోనుపోను గట్టిపడింది. పాదం పొడవుతో మనిషిని పట్టలేమని, ఎత్తు కూడా అటూఇటూగానే తెలుస్తుందని, బురదలో జారిన అడుగు గట్టి నేల మీది అడుగు కంటే పొడుగ్గా పడుతుందని వివరించాడు.

"గా పుల్లకు సరిపోయే కాళ్లు మీ ఠాణాల గూడ ఉంటయి సార్."

కానిస్టేబుల్ తెలియకుండానే తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఎస్సై ముఖంలో నవ్వు తగ్గింది.

"పాఠం తర్వాత చెబుదువుగాని. ముందు కాగితాలు తియ్యి బాబూ."

పేర్లు లేవన్న ధైర్యంతో కిష్ట్యా చెల్లెలి వైపు చెయ్యి చాపాడు. ఆమె తాళంచెవి ఇచ్చింది. అతను పెట్టె మూత ఎత్తాడు. పై కాగితం తీశాడు, కింది కాగితం తీశాడు, మధ్యలోది లాగి చూశాడు. 

సరిగ్గా అప్పుడే శాంతాబాయి బిందె చంకన పెట్టుకుని లోపలి నుంచి వచ్చింది. ఇంటి మీదికి పోలీసులొస్తే వాళ్లకు మంచినీళ్లయినా ఇవ్వాలని ఆమె ఆరాటం. నెత్తి మీద గవ్వల చుట్టబట్ట ఉంది. జమ్లీ ఆమెకు అడ్డం పోబోయి ఆగింది. తల్లి జీపు పక్క నుంచి, కానిస్టేబుల్ పక్క నుంచి బోరింగుకు నడిచిపోయింది.

ఎస్సై కాగితాలు తిరగేశాడు. అన్నీ పాదాలు. మూల లేని పాదాలు.

"నంబర్లు వేశానన్నావట కదా. ఏవి?"

కిష్ట్యా చెల్లెలి ముఖం చూశాడు. ఆమె చూపు దించుకోలేదు. అతను, "చినిగిపోయినయ్ సార్. ఇప్పుడు ఏ పాదం ఎవరిదో నాకే తెల్వదు" అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

ఎస్సై పుల్ల తీసుకుని కాగితాల మీద పెట్టి చూశాడు. ఒకదానికి సరిపోయింది. ఇంకోదానికీ సరిపోయింది. మగవాళ్లవీ, ఆడవాళ్లవీ, సరిపోయినవన్నీ ఒక పక్కన వేస్తూ పోతే ఆ పక్కనే కుప్ప పెరిగింది. అతను పుల్లను కానిస్టేబుల్ మీదికి విసిరి లేచాడు.

శాంతాబాయి నిండు బిందెతో వచ్చి గ్లాసు అందించబోయింది. నీళ్లు తొణికి చుట్టబట్ట మీదుగా ఆమె చెవుల పక్కన కారుతున్నాయి. ఎస్సై నీళ్లు తాగలేదు.

"రేపు ఉద్యోగమొస్తే నీ వెరిఫికేషన్ మా దగ్గరికే వస్తుంది" అని కిష్ట్యాతో అని జీపెక్కాడు.

దుమ్ము అణిగాక కిష్ట్యా పెట్టె పక్కనే నేల మీద కూలబడ్డాడు. తిడతాడని జమ్లీ ఎదురుచూసింది. అతను తిట్టలేదు. రెండేండ్లు జమ్లీ, అని మాత్రం అన్నాడు. ఆమె తల్లి నెత్తి మీది నుంచి చుట్టబట్ట తీసి, పళ్లతో దారం కొరికి, తడి గుడ్డల మడతల్లోంచి మూలలు ఒక్కొక్కటే బయటికి తీసి అతని ముందు పరిచింది. పెన్సిలుతో వేసిన అంకె, కుట్టు నీళ్లకు చెదరలేదు.

కిష్ట్యా ఒక ముక్క వేలి కొస మీదికి తీసుకుని అంచు చూశాడు.

"కత్తెరతోని కొయ్యలేదా?"

"కత్తెర ఫూపీ ఇంట్ల ఉండె."

అతను నవ్వాడో ఏడ్చాడో జమ్లీకి తెలియలేదు. కత్తెరతో కోస్తే అన్ని ముక్కలూ ఒకేలా ఉండేవట, ఏది దేనిదో దేవుడు కూడా చెప్పలేడట. చేత్తో చింపిన అంచు అలా కాదు. దాని వంకరలు ఒక్క దానికే సరిపోతాయి. సాగర్ ల్యాబులో చింపిన అట్టలు, తుంచిన అగ్గిపుల్లలు జతచేయడమే తమకు మొదటి ఏడాది పాఠమని చెప్పాడు. ఆ పాఠం తనింటి వాకిట్లో పనికొస్తుందని ఎవరనుకున్నారు?

నీడలో ఆరబెట్టి, అన్నాచెల్లెళ్లిద్దరూ తలుపు దగ్గరికి వేసుకుని రోజుల తరబడి జతచేశారు. కుట్టును ఎవరూ చదవకూడదని మూలను వెనక్కి మడిచి అంటించి, అంకెను మాత్రం ముందు వైపు మళ్లీ వేశారు. జీపు చప్పుడైతే జమ్లీ లేచి సందులోంచి చూసి వచ్చేది. నీళ్లకు ఎక్కువగా నానిన వైపు ముక్కలు కొన్ని ముద్దయిపోయాయి. వాటి కాగితాలు మూల లేకుండానే మిగిలిపోయాయి. దొరకని కుట్లను బట్టి సేవ్యాది వాటిలో ఒకటని తేలింది.

అది తెలిసి సేవ్యా తానే వచ్చాడు. మళ్లీ పాదం వేస్తానన్నాడు, అయితే ముందు నువ్వు వెయ్యి అన్నాడు. ఈసారి కిష్ట్యా లెక్కల మాట ఎత్తలేదు. చెప్పులు విడిచి పలక మీద నిలబడ్డాడు. రోలరు సేవ్యా చేతిలో ఉంది. వంకర చెయ్యి కాగితాన్ని కదలకుండా అదిమి పట్టింది.

సాగర్‌లో ప్రతి కాగితానికీ మూల అతుకు ఎందుకుందని పరీక్షకు వచ్చిన పెద్దసారు అడిగాడట. కిష్ట్యా ఉన్నదున్నట్టు చెప్పాడట. ఆయన జతకానివి లెక్కలో కలిపావా అని అడిగాడట. కలపలేదు సార్, అవి ఎన్నో, ఎందుకు కలపలేదో చివర రాశాను అంటే, సరే కూర్చో అన్నాడట. ఉత్తరం విని హన్మా ఆ చివరి మాట మళ్లీ చదివించుకున్నాడు.

హైదరాబాదులోని ఫోరెన్సిక్ ప్రయోగశాలలో శిక్షణకు అతని పేరు వచ్చింది. వెరిఫికేషన్‌కు ఠాణా నుంచి మనిషి వస్తాడని తెలిసింది. జమ్లీ మేకలు తోలుకుపోయినా రోడ్డు కనపడే గుట్ట మీదనే మేపేది. తన చేతులు చింపిన మూలల వల్ల అన్న బతుకు చిరిగిందేమో అన్నది ఒక్కటే ఆలోచన. చివరికి సైకిలు మీద వచ్చింది ఆ కానిస్టేబులే. వాకిట్లో కూర్చుని హన్మాను నాలుగు మాటలడిగి, శాంతాబాయి ఇచ్చిన నీళ్లు తాగాడు. పోతూపోతూ, మోటారు దొంగ దొరకలేదని, ఎస్సై బదిలీ అయ్యాడని చెప్పాడు. ఏమి రాసిపంపాడో చాలా రోజులు తెలియలేదు. వానలు పడ్డాక కిష్ట్యాకు చేరమన్న కాగితం అందింది.

మరుసటి హోళీకి అతను అదే రేకు పెట్టె మోసుకుంటూ వచ్చాడు. జమ్లీ వాకిట్లో కూర్చుని మూలల మడతలు విప్పి కుట్లు చూసి ఇస్తూ పోయింది. ఆవాలపూత వాళ్లది ఆవాలపూతకు, మెట్లవాళ్లది మెట్లకు. భూలి తన కాగితానికి రాయి కట్టి, వాడపల్లిలో మూసీ కృష్ణ కలిసేచోట నీళ్లలో వేస్తానంది.

చివరికి మూల లేనివి మిగిలాయి. అవి ఎవరివో చెప్పే దారి లేదు. ఇంకా తమవి అందనివాళ్లు వాటిని నేల మీద పరిచి, ఒక్కొక్కదాని మీద కాలు పెట్టి చూసుకోవడం మొదలుపెట్టారు. ఇది నాదే అని ఒకామె, కాదు నాకు సరిపోయిందని ఇంకొకామె. తన కాగితం తనకు ముట్టినా భూలి ఊరుకోలేక నడుమ దూరింది.

"గిదీ నాదే. గదీ నాదే. జమ్లీ, నాకు ఎన్ని కాళ్లున్నయే?"

అందరూ నవ్వుతుండగా రోడ్డు మీద బండి చప్పుడైంది. నవ్వు ఆగింది. పరిచిన కాగితాలను ఎవరి కాళ్లతో వాళ్లు కప్పేసి నిలబడ్డారు. జమ్లీ లేచి చూసింది. మేళ్లచెరువు వైపు పోతున్న సిమెంటు లారీ అది. మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూసి, వచ్చి కూర్చుంది.

మొదటిసారి వేసిన పాదం కోసం సేవ్యా ఒక కాగితం మీద నిలబడి కిందికి చూసుకుంటున్నాడు. వేళ్లు సరిగా కలవడం లేదు, మడమ కొంచెం పక్కకు ఉంది.

"నీదేనా దాదా?" అని జమ్లీ అడిగింది.

"నాది గాకున్నా పర్లే. ఠాణాల లేదు గద, గీడ ఉన్నది. ఇయ్యి" అని వంగి దాన్ని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు.